సొరంగంలో మామా అల్లుళ్లు

అందరూ అతన్ని చిన్న కళ్ళజోళ్లాయన అనేవారు. పెద్ద కళ్ళజోళ్లాయన అతని మామగారు. కళ్ళజోళ్ల షాపు మామగారిది, షాపు మీద ఇల్లూ మామగారిదే. పెళ్లైన కొత్తలో, కొన్నాళ్లు ఉండి చూడు అంటే వచ్చాడు. కూతురు మూడో క్లాసుకొచ్చినా ఇంకా చూస్తూనే ఉన్నాడు.

ముందు గదిలో కళ్లు పరీక్షించడం మామగారి పని. వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఇతని పని. ఆ గదికి కిటికీ లేదు. మెషీన్ ఆపితే చాలు, ముందు నుంచి "అయిందా?" అని కేక వినిపించేది. అలాగని మామగారు చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. తిట్టే మనిషైతే తగువేసుకుని వెళ్లిపోవచ్చు. అల్లుడి చొక్కా బట్ట కూడా తనే ఎంచి తెచ్చి, భుజం మీద వేసి చూసి మురిసిపోయే మనిషిని వదిలి ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

వేరే ఊళ్లో అద్దాలు తయారుచేసే ఫ్యాక్టరీ వాళ్లు అతన్ని రమ్మన్నారు. భార్యాభర్తలిద్దరూ గుట్టుగా ఆలోచించుకుని సరే అనుకున్నారు. పెద్దాయనకి చెప్పడమే మిగిలింది. నాన్న పదిమందిలో గొంతు పెంచడు కాబట్టి, ఆదివారం సైన్స్ మ్యూజియానికి వెళ్లినప్పుడు భోజనాల దగ్గర చెప్పేద్దామంది భార్య.

మ్యూజియంలో ఏదైనా ముట్టుకోవచ్చు, తిప్పొచ్చు, నొక్కొచ్చు. పిల్ల ఒక్కచోట నిలబడలేదు. అత్తగారు సంచులన్నీ పక్కన పెట్టుకుని బెంచీ మీద స్థిరపడిపోయింది. మామగారు మాత్రం మనవరాలి వెంటే తిరిగాడు. ఊగే లోలకం స్టాండుకి మోకాలు కొట్టుకుని, దారికి అడ్డంగా పెట్టారేమిటని విసుక్కున్నాడు. అల్లుడికి అవేవీ పట్టలేదు. చెప్పాల్సిన మాటల్ని మనసులో కూడబలుక్కుంటున్నాడు.

చివరి హాల్లో చీకటి సొరంగం ఉంది. మోకాళ్ల మీద పాకుతూ, గోడలు తడుముకుంటూ అవతలికి చేరాలి. భయమేస్తే గోడ మీద గట్టిగా కొట్టండి, లైట్లు వేస్తామంది అక్కడి అమ్మాయి. తాతయ్య రాలేడని మనవరాలు వేళాకోళమాడింది. దాంతో ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. పిల్లా, తల్లీ ముందు దూరారు. వెనక మామగారు, ఆయన వెనక అల్లుడు.

లోపల కటిక చీకటి. చేతికి ఒకచోట గరుకు చాప, మరోచోట చల్లటి గొట్టం తగిలాయి. పిల్ల నవ్వు దూరమై ఆగిపోయింది. ఒక మలుపులో అతని తల మామగారి చెప్పుకి తగిలింది. ఆయన కదలడం లేదు. పక్కనుంచి దూరిపోయే సందు లేదు, వెనక్కి తిరిగే చోటూ లేదు.

"గోడ మీద కొట్టమంటారా మామయ్యగారూ?"

"వద్దు. లైట్లేస్తే అందరూ చూస్తారు." ఆ గొంతు మామగారిదిలా లేదు. ఆయనే మళ్లీ అన్నాడు: "పొద్దుగూకితే నాకు ఇంట్లోనూ ఇంతేనయ్యా. పక్కలనుంచి మూసుకొస్తోంది. గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుంది."

ఊళ్లోవాళ్ల కళ్లన్నీ పరీక్షించే మనిషి!

"డాక్టరుకి చూపించుకున్నారా?"

"చూపించుకుంటే పేరు పెడతాడు. పేరు పెట్టాక షాపుకి ఎవరొస్తారు? మీ అత్తయ్యకి చెప్పకు. నువ్వున్నావు కదా, అదే నా ధైర్యం."

ఆ మాటతో సొరంగం ఇంకా ఇరుకైనట్టనిపించింది అతనికి. ఈ వారంలోనే వెళ్లిపోతున్నానని నాలుక చివరిదాకా వచ్చింది. చీకట్లో ముందుకెళ్లలేక ఆగిపోయిన మనిషితో ఆ మాట అనడం అతని వల్ల కాలేదు.

"డాక్టరు దగ్గరికొస్తేనే నోరు మూసుకుంటాను" అన్నాడు చివరికి. ఆయన సరేనన్నాడు. అల్లుడు ఒక చేత్తో గోడ తడుముతూ, ఇంకో చేత్తో ఆయన మడమ పట్టుకుని, ఎడమకి, కాస్త ముందుకి అని చెబుతూ, నెమ్మదిగా బయటికి చేర్చాడు. వెలుగులోకి రాగానే మామగారు చొక్కా దులుపుకుని, అల్లుడు మరీ నత్తలా పాకాడని అందరికీ వినిపించేలా అన్నాడు. అల్లుడు నవ్వాడు.

భోజనాల దగ్గర భార్య బల్ల కింద కాలు తొక్కింది. అతను తల ఎత్తకుండా తిన్నాడు. ఇంకోసారి తొక్కితే మంచినీళ్లు కావాలా అని అడిగాడు. ఆమె మొహం మాడిపోయింది.

మర్నాడు ఫ్యాక్టరీకి ఫోన్ చేసి రాలేనని చెప్పేశాడు. ఎందుకని భార్య అడిగితే, ఇప్పుడు కాదులే అన్నాడు. పిరికివాడని అనుకుందో ఏమో, చాలా రోజులు అవసరానికి మించి ఒక్క మాటా ఆడలేదు. ఈలోగా అతను మామగారిని గుట్టుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. పోయిన చూపు తిరిగి రాదని, మిగిలింది మాత్రం చుక్కల మందుతో కాపాడుకోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత మామగారే ఇంట్లో సంగతి బయటపెట్టాడు. ఆ రోజు భార్య మేడ మెట్ల మీద అతని పక్కన కూర్చుని, ముందే నాతో అనాల్సింది అంది.

"అంటే ఏం చేసేదానివి?"

అతను జవాబు కోసం అడగలేదు.

ఇప్పుడు ముందు గదిలో కళ్లు పరీక్షించేది అతనే. సాయంత్రాలు వెనక గదిలో అద్దాలు అరగదీసేదీ అతనే. మామగారు పక్కనే స్టూలు మీద కూర్చుని వచ్చినవాళ్లతో కబుర్లు చెబుతాడు. మా అల్లుడు బంగారం, నన్నొదిలి ఎక్కడికీ పోడు అంటాడు అందరితో. చిన్న కళ్ళజోళ్లాయన కుర్చీలోని మనిషి ముక్కు మీద ఫ్రేము సర్ది, కింది వరస చదవమంటాడు.