పెంకుటింటి మీద చెల్లెలి పన్ను

మొన్న ఏడేళ్ళ మా మనవరాలు అన్నం కంచం ముందు బుగ్గ పట్టుకుని ఏడుస్తుంటే, మా కోడలు పెరుగు కలుపుతూ, "పాలపళ్ళే కదండీ అత్తయ్యగారూ, ఎలాగూ ఊడిపోయేవే," అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు అరిచేశాను. పాపం ఆ అమ్మాయి తెల్లబోయింది. ఆ మాటంటే నాకెందుకంత మంటో దానికి తెలియదు, నా ఈడువాళ్ళకి, మీకైనా చెప్పుకుంటాను.

మా నాన్న పక్క పల్లె నుంచి వచ్చి యానాంలో కిరాణా కొట్టు పెట్టారు. ముందు కొట్టు, వెనక మా పెంకుటిల్లు. గల్లాపెట్టె పక్కన సీసాల నిండా జీళ్ళు, నిమ్మతొన బిళ్ళలు ఉండేవి. తన పిల్లలు దేనికీ మొహం వాచకూడదని ఆయన పంతం కాబట్టి, మా చెల్లెలు బడికి వెళ్తూ ఓ గుప్పెడు, వచ్చాక ఓ గుప్పెడు, ఏడిస్తే ఊరుకోబెట్టడానికి ఇంకో గుప్పెడు తినేది. పడుకోబోయే ముందు దాని చేత పళ్ళు తోమించాలన్న ఆలోచన మా ఇంట్లోనే కాదు, యానాంలో ఫరంపేట దాకా వెతికినా ఎవరికీ ఉండేది కాదు.

ఎనభైల మొదట్లో, దానికి ఎనిమిదో ఏట, కింది దవడలో చివరి పన్ను నల్లబడి గుంట పడింది. అమ్మ లవంగం పెట్టింది, పక్కింటావిడ పొగాకు పెట్టించింది, నాయనమ్మ వాకుడుకాయల పొగ పట్టించి పురుగు రాలిపోయిందని తేల్చేసింది. జ్వరమంటే ఇంటికి పంపే మేష్టారు, పన్ను నొప్పంటే మాత్రం వేషాలని బెంచీ ఎక్కించేవారు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. పాలపన్నేగా ఊడిపోద్దిలే అని నాయనమ్మ రోజూ అనడం, అమ్మ తలూపడం. చెంప బూరెలా పొంగి, కన్ను మూసుకుపోయి, ఒళ్ళు కాలిపోతూ, పిల్ల దక్కుతుందా అని భయం పుట్టాకే కాకినాడ బస్సెక్కించారు.

అక్కడి డాక్టరు చీము తీసి, పన్ను పీకి, ఇది పాలపన్ను కాదమ్మా, ఇంక రాదు అన్నాడట. పాలపళ్ళ వెనకాల, ఏదీ ఊడకుండానే, ఆరేళ్ళకు వచ్చే అసలు పన్నట అది. ఇదంతా అమ్మ నాకు చెప్పింది చాలా ఏళ్ళ తర్వాత. ఆరోజు అత్తగారికి చెబితే ఆవిడ, ఆ కుర్ర డాక్టరుకేం తెలుసని కొట్టిపారేసిందట. నేను చూసింది మాత్రం, నాయనమ్మ ఆ పన్నుని పేడముద్దలో పెట్టి చెల్లెలి చేతికివ్వడం.

"ఇంటి మీదకి ఇసురు, ముత్యంలాంటి పన్నొస్తాది," అంది.

చెల్లెలు వాచిన మొహంతోనే కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని, పెంకుల మీదకి విసిరింది. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది, నోరు మెదపలేదు. అత్తగారికి ఎదురు చెప్పడం కన్నా కన్నకూతురు మోసపోతుంటే చూడటమే ఆవిడకి తేలికైంది. ఆ తర్వాత ఆ పిచ్చిది పొద్దున్నే అద్దం ముందు నోరు తెరిచి చూసుకునేది, వచ్చిందేమో చూడవే అక్కా అని నా ప్రాణం తీసేది. ఎన్నాళ్ళకి మానేసిందో నాకు గుర్తు లేదు.

ఇప్పుడు మా ఊళ్ళో పళ్ళ డాక్టర్లకు కొదవ లేదు. జీళ్ళ సీసాలు పోయి రంగు కాగితాల చాక్లెట్లు వచ్చాయి, నాయనమ్మా అమ్మా పోయారు, పెంకుటిల్లు పోయి డాబా లేచింది. ఆ పాడు మాట మాత్రం చెక్కుచెదరకుండా మా కోడలి నోటి దాకా వచ్చింది. టార్చి వేసి చూస్తే మనవరాలిదీ ఆ చివరి పన్నే. అదే సాయంత్రం డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను, గుంట పూడ్చారు, పన్ను నిలుస్తుందన్నారు.

ఇంటికొచ్చి చెల్లెలికి ఫోను చేసి చెప్పాను. 

"మనిల్లు పడగొట్టినప్పుడు నేనొచ్చాను కదే అక్కా," అంది. "ఆ దింపిన పెంకుల్లో నా పన్ను కోసం ఎతికానే."

అప్పటికి అది ఇద్దరు పిల్లల తల్లి.