సియెనాలో పోయిన చెప్పులు

సోమవారం: బస "స్టేషనుకు దగ్గరే" అన్న మాట నమ్మి, రాళ్లు పరిచిన ఎత్తుదారిలో పెట్టె ఈడ్చుకెళ్లగా దాని చక్రం ఊడింది.

మంగళవారం: బస్సు మమ్మల్ని కోటగోడ బయటే దించి పోయింది. లోపలికి వెళ్లేది వేరే చిన్న బస్సని ఎవరూ చెప్పలేదు.

బుధవారం: చర్చి గుమ్మం దగ్గర నా భార్య చెప్పులు మాయమయ్యాయి.

ఇటలీలోని సియెనా పాతబస్తీలో మాకు జరిగిన అన్యాయాలివి. బ్లాంచర్డ్స్‌టౌన్‌లోని మేమూ మా అమ్మాయీ ఉండే ఇంటికి చేరాక వీటిని సాపు రాసుకున్నాను. మూడవదాన్ని మాత్రం వివరంగా చెప్పక తప్పదు.

నా భార్యకు చక్కెర వ్యాధి. పాదాల్లో స్పర్శ తగ్గింది. చిన్న గాయమైనా మానదనీ, ఉత్తికాళ్లతో తిరగనివ్వవద్దనీ డాక్టరైన మా అమ్మాయి ముందే హెచ్చరించింది. అయినా గుమ్మం ముందు ఆమె చెప్పులు విడిచింది. అందరూ బూట్లతోనే వెళ్తున్నారని చూపించాను.

"వాళ్లిష్టం వాళ్లది. దేవుడింట్లోకి నేను చెప్పులతో రానండీ."

లోపల నున్నటి చల్లని గచ్చు కదా అని ఊరుకున్నాను. తిరిగి వచ్చేసరికి చెప్పులు లేవు. మిట్టమధ్యాహ్నం; వీధిలో రాళ్లు పెనంలా కాలుతున్నాయి. అమ్మాయికి ఫోన్ చేశాను.

"చర్చి బయట చెప్పులు విప్పడమేంటి నాన్నా! అమ్మని అస్సలు కదలనివ్వకు."

"అరవకే. నీడలోనే కూర్చున్నాలే," అంది నా భార్య ఫోన్ లాక్కుని. "అరవడానికి ఇక్కడ మీ నాన్న చాలడూ?"

నిజమే, నేను వీధంతటినీ ఉద్దేశించి తెలుగులో అరుస్తున్నాను. ఎదురుగా ఒక ఆకుపచ్చ తలుపు తెరుచుకుంది. మా ఈడు ఆవిడ ఒకరు తొంగిచూసింది. నా వైపు కాదు, నా భార్య పాదాల వైపు. లోపలికి వెళ్లి మెత్తని ఇంటి చెప్పులు తెచ్చి, మెట్టు మీద మోకరిల్లి తానే తొడిగింది.

"అయ్యో, పెద్దదానివి, నా కాళ్లు ముట్టుకోకమ్మా!" అంటూ నా భార్య ఆవిడకు దండం పెట్టింది. భాష తెలియకపోయినా ఆవిడ తలూపింది. చేయి పట్టుకుని చిన్న బస్సు ఆగే చోటుకు నడిపించి, మమ్మల్ని ఎక్కించి, డ్రైవరుకు ఏదో గట్టిగా ఆదేశించింది. అతడు మమ్మల్ని బస ఉన్న సందు మొదట్లోనే దించాడు. బస్సు ఎక్కేటప్పుడు పేరు అడిగితే ఆవిడ నవ్వి వెళ్లిపోయింది.

ఇంటికి రాగానే అమ్మాయి రెండు పాదాలూ వెలుతురులో తిప్పి చూసింది. "గీత కూడా పడలేదు. గ్రాండ్, అమ్మా, అంతా బాగుంది," అంది. అప్పటికి గాని నాకు ఊపిరి ఆడలేదు.

ఇటాలియన్‌లోకి మార్పించి, ఆ చర్చి ఎదుటి ఆకుపచ్చ తలుపుకు పంపుతున్న నా విజ్ఞప్తి ఇది:

అమ్మా, మా కృతజ్ఞత వినకుండానే తాము వెళ్లిపోవడం పట్ల నాకు తీవ్ర అభ్యంతరం ఉంది. భోజనానికి మా ఇంటికి ఎప్పుడు దయచేస్తారో తెలియజేస్తూ, లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వవలసిందిగా కోరడమైనది.