దీవిలో తినిపించిన పులిహోర

మా ఆడబిడ్డ పోయి చాలా ఏళ్ళయింది. ఆమె మీద నా కోపం మాత్రం పోలేదు, పోనివ్వను కూడా.

డెబ్భైల మొదట్లో వాషర్‌మెన్‌పేట్‌లో మా మామగారికి పప్పుల హోల్‌సేల్ అంగడి ఉండేది. నేను కాపురానికొచ్చిన ఏడు, ఉగాదికి మా అమ్మ పులిహోర చేసి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో వచ్చింది. మా నాన్న అంతకు చాలా ముందే పోయాడు. మా ఆయన అక్క మూత తీసి చూసి, ఇంటిల్లిపాదీ వింటుండగానే అంది:

"మొగుడు పోయిన చేత్తో చేసింది పండగ పూట ఈడ ఎవురు తింటారు? ఎత్తకపోయి ఆవుకి పెట్టండి."

పెట్టేశారు. మా అమ్మ గిన్నె తనే కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వెళ్ళిపోయింది. నా ఒళ్ళు భగ్గుమంది. ఆ చేతి వంట ఈమె నోట పెట్టించకపోతే నేను మా అమ్మకి పుట్టినదాన్నే కాదు అనుకున్నాను.

మరుసటి ఎండాకాలం, పులికాట్ సరస్సులో ఒక చిన్న దీవి చూసొద్దామని అందరం బయల్దేరాం. పెరుగన్నం ఆడబిడ్డ కలపాలి, పులిహోర నేను. ముందురోజే మా అమ్మ చేత పులిహోర పులుసు ఉడికించుకుని, సీసాలో పోసి కొంగు చాటున తెచ్చుకున్నాను. రుచంతా పులుసులోనే కదా! తెల్లారి వేడన్నంలో కలపడం ఒక్కటే నా పని.

తెరచాప పడవ దిగేసరికి నాకు మతి పోయింది. ఈ కొసన నిలబడితే ఆ కొస కనిపించేంత దీవి. తాటాకు గుడిసెలు, ఇసుకలో ఎండుతున్న చేపలు, లోతులేని నీళ్ళలో కొంగలు. తాటాకు బుట్టలల్లే ఆడవాళ్ళు మమ్మల్ని తెలుగులోనే పలకరించారు. ఒకామె ఇసుకలో చేత్తో గుంట తోడి, ఊరిన నీళ్ళు చెంబుతో ముంచి ఇచ్చింది.

"చుట్టూరా ఉప్పునీళ్ళే, ఈడ ఇంత తియ్యగా ఉండాయే తల్లీ!" అని మామగారు ఆశ్చర్యపోయారు. ఆ నీళ్ళు తాగుతూ నేనొచ్చిన పని కాసేపు మరిచిపోయాను. కాసేపే.

మధ్యాహ్నం చెట్టు నీడన క్యారియర్లు విప్పాం. దూరప్రయాణానికి పెరుగన్నం కలిపేవాళ్ళు పాలు ఎక్కువ పోసి పెరుగు ఒక్క గరిటె వేస్తారు, దారిలో అదే తోడుకుంటుంది. మా మహాతల్లికి అంత ఓపికెక్కడిది? ఉత్త పెరుగే పోసి కలిపింది. ఎండకి పులిసి కంపు కొట్టింది. ఆ దీవిలో దొరికేది చేపలే, అవి మేం ముట్టం. ఇక మిగిలింది నా పులిహోర.

"ఏమే, శానా బాగుందే! ఇంగొంచెం పెట్టు," అంది ఆడబిడ్డ.

పెట్టాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ పెట్టాను. పెద్ద ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆగి, అందరికీ వినపడేలా అన్నాను.

"నచ్చిందా వదినా? పులుసు మా అమ్మ చేసింది."

ముద్ద బుగ్గలో ఆగిపోయింది. ఉమ్మేద్దామంటే పక్కనే మామగారు, ఆయనకి అన్నమంటే దేవుడు. మింగుదామంటే ఉగాదినాడు అన్న మాట విన్నవాళ్ళంతా ఎదురుగానే కూర్చుని ఉన్నారు. బుగ్గ ఉబ్బింది, కళ్ళు తేలేసింది.

"నోట్లో పెట్టుకోని కూచున్నావేందమ్మా? మింగు," అన్నారు మామగారు.

మింగింది. నా కడుపు చల్లబడింది.

మర్నాడు పుట్టింటికి పరిగెత్తాను. అమ్మ బియ్యం చెరుగుతోంది. జరిగిందంతా చెప్పాను. తిడుతుందేమోనని లోపల బెదురుగానే ఉంది. అమ్మ చేట కింద పెట్టింది.

"మొగం ఎట్ట పెట్టిందే?"

బుగ్గ ఉబ్బించి, కళ్ళు తేలేసి చూపించాను. నాన్న పోయాక మా అమ్మ అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ చూళ్ళేదు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, నా గడ్డం పట్టుకుంది.

"ఇంగొక తూరి ఆ మొగం పెట్టవే," అంది.