అంజవ్వకు వచ్చిన వణుకు

మా అక్క అంజవ్వ బుద్ధెరిగిన నాటి నుంచి కల్లు చుక్క నోట పెట్టలేదు. ఈ మాట ఊళ్ళో కనిపించిన ప్రతివాడికీ చెప్పి చెప్పి నా గొంతు పోయింది. విన్నవాళ్ళు "ఔ నరేందరన్నా, ఔ" అంటారు, అటు తిరిగి నవ్వుకుంటారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. అందుకే జరిగింది జరిగినట్టు చెప్తున్నాను. బోధన్‌లో కాలిన మోటార్లకు వైండింగ్ చేసుకుని బతికేవాణ్ణి. తియ్యగా మాట్లాడడం నాకు రాదు, కోపం మాత్రం బాగానే వస్తుంది.

మా ఊరు బోధన్‌కు ఆటోలో పోయేంత దూరం. ఒకప్పుడు చుట్టూ చెరకే, చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక వరి ఎక్కువైంది. మా బావ లింబయ్య చెరకు కొట్టడానికి పోయేవాడు, పొద్దుగూకితే కల్లు దుకాణంలో కూర్చునేవాడు. అది చెట్టు నుంచి దించిన కల్లనుకునేరు. మత్తు మందు కలిపిన తెల్లనీళ్ళు. దానికి అలవాటు పడ్డవాడికి ఒక్క పూట అందకపోతే చెమటలు కారతాయి, చేతులు వణుకుతాయి, మాటకు మాట పొంతన ఉండదు. అప్పుడు ఇంటివాళ్ళే పరుగెత్తి పోయి ఒక సీసా తెచ్చి నోట్లో పోస్తారు. వణుకు ఆగుతుంది. మా వైపు చాలా ఇళ్ళల్లో తెలిసిన వైద్యం ఇదే. బావ ఆ వైద్యంతోనే కొన్నేళ్ళు బతికి, దానితోనే పోయాడు.

అప్పటికి వాళ్ళ బిడ్డ నిరోష చంకలో పిల్ల. అక్క కొడవలి పట్టుకుని చెరకు కొట్టడానికి పోయింది. నడుం నొప్పికి ఊళ్ళో సూదులేసే ఆయన దగ్గర గోలీలు తెచ్చుకుని, ఖాళీ కడుపు మీద మింగేది. ఆ గోలీలకు కడుపులో పుండు పడి, ఒకరోజు అది పగిలింది. నిజామాబాద్‌లో ఆపరేషన్ చేసి కడుపులో కొంత భాగం తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు "కారం తగ్గించు" అన్నారు, అంతే. ఇకముందు ఎట్లా తినాలి, ఏది తింటే ఏమవుతుంది, ఒక్కరూ చెప్పలేదు. కొంచెం కడుపే మిగిలిన మనిషికి తిండి గురించి రెండు ముక్కలు చెప్తే వాళ్ళ సొమ్మేం పోయేది?

బరువు పని చేయొద్దన్నారని బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి కుదిరింది. వెంకటవ్వ అని ఇంకొకామె ఆమెకు తోడు. బడి గోడ పక్కనే కల్లు దుకాణం పెడితే, ఆడవాళ్ళందరినీ కూడగట్టి దాని ముందు బైఠాయించి ఎత్తివేయించింది మా అక్కే. ఆ రోజు నుంచి ఊళ్ళో కొంతమందికి ఆమె కంట్లో నలుసు. బడి కమిటీ పెద్ద హన్మండ్లు వాళ్ళల్లో ఒకడు. ఆ దుకాణం జాగా ఆయన బామ్మర్దిది మరి.

అక్క పొద్దున్నే వంటకు పోయి, పొయ్యి అంటించాక ఒక పెద్ద గ్లాసు చాయ్ తాగేది. చెరకు పండించిన ఊరు కదా, మా చాయ్‌లో చెంచా నిలబడాలి. దాంట్లో నాలుగు రస్కులు. ఆ తర్వాత పిల్లలందరూ తిని చేతులు కడుక్కునేదాకా మెతుకు ముట్టదు. వండిన చెయ్యి ముందు తినకూడదని ఆమె పట్టింపు. కొంతకాలంగా అన్నం దించే వేళకు చెమటలు పడుతున్నాయని, కాళ్ళు తేలిపోతున్నాయని, గుండె దడదడలాడుతోందని నాతో అన్నది. పొయ్యి సెగ అనుకున్నాం. నీరసమేమో, బలం రావాలని ఆమె చాయ్‌లో ఇంకో చెంచా చక్కెర ఎక్కువ వేసుకోసాగింది. అక్కడే పప్పులో కాలేసింది. ఆ సంగతి మాకు తర్వాత గానీ తెలియలేదు.

ఆ రోజు ఎవరో పిల్ల పుట్టినరోజని జిలేబీలు పంచారు. అక్క చాయ్‌తో పాటు అవీ తిన్నది. పిల్లలు పళ్ళాలు పట్టుకుని వరస కట్టే ముందు సాంబారు గంజు పట్టుకోబోయి చేతులు వణికి వదిలేసింది. సాంబారంతా నేలపాలు. హెడ్మాస్టరు వచ్చి ఏమైందంటే ఆయన్ను "నువ్వెవనివి" అని అడిగిందట. మాట ముద్దముద్దగా వచ్చిందట. జాకెట్టు తడిసేటంత చెమట. గోడకు జారబడి కూలబడింది.

"అయ్యో, దీనికి మందు అందలే," అన్నది వెంకటవ్వ. రోజూ పక్కన నిలబడి ఉల్లిగడ్డలు కోసే మనిషి అన్న మాట అది!

హన్మండ్లు రానే వచ్చాడు. "నేను ముందునుంచే అంటున్న. పైకి ధర్నాలు, లోపట గిది. ఉరుకుండ్రి, ఒక సీస పట్టుకరాండ్రి. రెండు గుటకలు వడితె వణుకు ఆగుతది" అన్నాడు.

తెచ్చారు. ఇద్దరు దవడలు పట్టుకుంటే ఒకరు పోశారు. జీవితమంతా ఏ కల్లు మీద యుద్ధం చేసిందో ఆ కల్లును, పిల్లలందరూ చూస్తుండగా మా అక్క నోట్లో పోశారు. ఒకడు ఫోన్‌లో వీడియో తీశాడు. వణుకు ఆగింది, నిజమే. మనిషే సోయి లేకుండా పడిపోయింది, వణకడానికి ఇంకేముంది?

నాకు ఫోన్ వచ్చి నేను ఆటోలో బోధన్‌కు తీసుకుపోయేసరికి కళ్ళు తేలేసి ఉంది. ప్రైవేటు దవాఖానలో డాక్టరు దగ్గరికి వంగి వాసన చూశాడు. "ఎన్నేండ్ల నుంచి తాగుతున్నది?" అన్నాడు. తాగదు సార్ అన్నాను. నా మొహం చూసి నర్సుకు సైగ చేశాడు. ఒక గ్లూకోజ్ సీసా ఎక్కించారు. అది కొంత ఎక్కిందో లేదో అక్క కళ్ళు తెరిచి "తమ్మీ, పిల్లలు తిన్నరా?" అని అడిగింది. చక్కెర నీళ్ళు నరంలో పడగానే మనిషి లేచి కూర్చుందంటే ఆ డాక్టరుకు ఏమైనా తట్టాలా వద్దా? వేలు మీద సూదితో పొడిచి చూస్తే తెలిసేది. "మత్తు దిగింది, మాన్పించే సెంటర్‌కు కొంచపో" అని చేతులు దులుపుకున్నాడు.

ఆ సాయంత్రానికే వీడియో ఫోన్లన్నీ తిరిగింది. కమిటీ వాళ్ళు తాగుబోతు చేతికి పిల్లల వంట ఇవ్వలేమన్నారు, వచ్చే మీటింగులో తీసేస్తామన్నారు. అక్క ఇంట్లోంచి బయటికి రాలేదు. నోరు పుక్కిలించి పుక్కిలించి పెదాలు పగిలాయి. నిజామాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే నిరోష నాకు ఫోన్ చేసింది. "మామా, ఒట్టు పెట్టి చెప్పు. అమ్మ నిజంగనే తాగుతదా?" అని ఏడ్చింది. కన్నబిడ్డకు అనుమానం పుట్టించారు.

మర్నాడే అక్కను నిజామాబాద్ తీసుకుపోయాను. ఈసారి చూసింది హర్షిణి అనే డాక్టరమ్మ. ఆమె వాసన చూడలేదు, అడిగింది.

"ఏ టైముకు వస్తదమ్మా? దానికి ముందు ఏం తిన్నవ్? తిన్నంక ఎంతసేపటికి?"

అక్క చెప్తుంటే ఆమె పొట్ట మీద గాటు చూసింది. ఆపరేషన్ సంగతి విన్నది. మరుసటి రోజు పొద్దున రమ్మని, తన కళ్ళ ముందే అంత చక్కెర వేసిన చాయ్, రస్కులు ఇప్పించి, కాసేపటికొకసారి వేలి నుంచి చుక్క రక్తం తీసి చూసింది. మొదట చక్కెర నిచ్చెనెక్కినట్టు ఎక్కింది. తర్వాత దిగడం మొదలుపెట్టి, ఉండాల్సిన దానికన్నా చాలా కిందికి పోయింది. అదే చెమట, అదే వణుకు. హాస్టల్ నుంచి వచ్చిన నిరోష తల్లి చెయ్యి పట్టుకుని బిత్తరపోయింది. నర్సు వెంటనే గ్లూకోజ్ తాగించింది, కొద్దిసేపట్లో అక్క మామూలు మనిషైంది.

"నాకు షుగర్ బీమారి ఉన్నట్టా, లేనట్టా మేడం?" అన్నది అక్క.

"లేదమ్మా. షుగర్ బీమారి లేనోళ్ళకు గూడ రక్తంల చక్కెర పడిపోవచ్చు. నీ కడుపు చిన్నగైంది. తియ్యటిది తాగంగనే పేగులకు ఉరుకుతది, రక్తంల చక్కెర ఒక్కసారి లేస్తది. దాన్ని దించనీకి ఒళ్ళు ఇన్సులిన్ ఎక్కువ వదుల్తది. గప్పుడు ఉండాల్సినంత గూడ ఉండది. మెదడుకు చక్కెర అందకపోతె మాట తడబడ్తది, చూపు మసకైతది, మనిషి తాగినట్టే కనవడ్తది."

ఖాళీ కడుపుతో తియ్యటి చాయ్ వద్దన్నది. కొంచెం కొంచెం, తక్కువ ఎడంతో తినాలి. జొన్నరొట్టె, పప్పు, గుడ్డు ముందుండాలి. సోయి ఉండి వణుకు మొదలైతే వెంటనే చక్కెర నీళ్ళు తాగాలి, తగ్గాక గట్టి తిండి తినాలి. ఇంకేమీ కారణం లేదని తేల్చుకోవడానికి మరికొన్ని పరీక్షలు రాసింది.

"వాళ్ళు కల్లు పోసిండ్రు మేడం," అన్నాను.

ఆమె తల పట్టుకుంది. "చక్కెర పడిపోతుంటె లోపట్నుంచి ఎత్తేది కాలేయం. మత్తు దాని చెయ్యి గూడ కట్టేస్తది. సోయి లేనోళ్ళ నోట్లె ఏం పోసినా ఊపిరితిత్తులకు పోతది. చక్కెర నీళ్ళు గూడ పొయ్యద్దు, దవాఖానకు ఉరకాలె. మీ అక్క బతికింది, గదే సంతోషం."

మీటింగు రోజు ఆ రిపోర్టులు హన్మండ్లు ముందు పెట్టాను. "కాయిదాలదేముంది, ఎవలన్న ఇస్తరు" అన్నాడు. చెప్పు తీసి కొడదామన్నంత కోపం వచ్చింది. నిరోష నా చెయ్యి పట్టుకుని ఆపింది. హెడ్మాస్టరు రిపోర్టులన్నీ చదివి, ఆ డాక్టరమ్మకు ఫోన్ చేసి మాట్లాడాడు. అప్పుడు గానీ హన్మండ్లు దారికి రాలేదు. "సరే తియ్యి. రేపటి నుంచి వంటకు రా అంజవ్వా. అయిందేదో అయింది" అన్నాడు.

అక్క దండం పెట్టి వచ్చేస్తుందనుకున్నాను. నిలబడింది.

"అయిందేదో కాలే హన్మండ్లన్నా. నేను గానాడు సచ్చుంటె? నా నోట్లె వాసన సూసి కల్లు తాగి సచ్చిందనే అందురు. నా బిడ్డ గూడ గదే నమ్ముకుంట బతుకుతుండె. కాదని చెప్పనీకి నేను ఉందునా? పిల్లల ముందర పోసినవ్ గద. రేపు పిల్లల ముందరనే చెప్పు, తప్పైందని."

"మంచికే పోసినం. దానికి తప్పేంది?" అని కండువా దులుపుకుని లేచిపోయాడు.

మర్నాడు ప్రార్థన వేళకు నేనూ నిరోషా బడికి పోయాం. హన్మండ్లు రాలేదు. వెంకటవ్వ వంటగదిలోంచి తల బయటికి పెట్టలేదు. అక్క హెడ్మాస్టరును అడిగి తనే పిల్లల ముందుకు పోయి నిలబడింది. చెంగు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"బిడ్డా, గానాడు మీరు సూసింది కల్లు వణుకు కాదు. నాకు రక్తంల చక్కెర పడిపోయింది. మీ ఇంట్ల ఎవలన్న గిట్ల వణికితె నోట్లె కల్లు పొయ్యకుండ్రి, దవాఖానకు కొంచపోండ్రి. కని ముందుగాల ఒక్క మాట అడుగుండ్రి, ఏం తిన్నవ్, ఎప్పుడు తిన్నవ్ అని. మన ఊర్ల తొవ్వల పోయేటోన్ని గూడ తిన్నవా అని అడుగుతం గద. గానాడు నన్ను ఎవ్వలు అడగలే."