ముందు బండికి దూరంగా

కొండాపూర్ నుంచి ఆఫీసుకు కారు నడిపేటప్పుడు దేవిశ్రీ ఫోను బ్యాగులో పెట్టేస్తుంది. ముందు బండికి ఎప్పుడూ ఇంకో కారు పట్టేంత దూరం వదులుతుంది. ఈ రోడ్ల మీద ఖాళీ వదిలితే రమ్మని పిలిచినట్టే. ఆటో దూరుతుంది, బైకు దూరుతుంది. దూరిన ప్రతిసారీ ఆమె వేగం తగ్గించి మళ్లీ అంత దూరమూ వదులుతుంది. రోజూ పక్క సీట్లో వచ్చే సహోద్యోగి ఓంకార్‌కు అది నవ్వులాట.

"గంత జాగ ఇడిస్తే పెండ్లి బరాత్ గూడ పోతది అక్కా!"

"పోనీలే ఓంకార్, శుభమే కదా," అంటుంది ఆమె, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఆ ఉదయం ఫ్లైఓవర్ మీద తుంపర పడుతోంది. ఒక డెలివరీ బైకు ఆ ఖాళీలోకి దూరింది. దేవిశ్రీ అలవాటుగా వేగం తగ్గించింది. అంతలో బైకు జారి, నడిపే అతను రోడ్డు మీద పడ్డాడు. కారు అతని హెల్మెట్‌కు మూరెడు దూరంలో ఆగింది.

అతను మెల్లగా లేచి, మోచేయి పట్టుకుని, కారు అద్దం దగ్గరకొచ్చాడు. "ఏం కాలే అక్కా. పరేషాన్ గాకు."

ఆమె తల ఊపింది. అతను బైకును పక్కకు తోసుకుపోయినా ఆమె కాలు బ్రేకు మీంచి లేవలేదు. వెనక హారన్లు మోగిపోతున్నాయి. ఓంకార్ కారు దిగి, తుంపరలో నిలబడి, వచ్చే బండ్లకు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"జర ఆగుండ్రి అన్నా," అన్నాడు. "జర ఆగుండ్రి."