పసుపు బొట్టు పెట్టిన ఇరవైనాలుగు వోల్టులు

ఇంట్లో బల్బు వెలిగించే కరెంటు ముట్టుకుంటే ప్రాణం తీస్తుంది. మా పక్క క్వార్టర్ తులసమ్మ పిన్ని పనిచేసే కరెంటును మాత్రం వేళ్లతో పట్టుకోవచ్చట. మొదట నేను నమ్మలేదు.

"సీమ కుట్టినట్టయినా ఉండదే పిల్లా. ఇరవైనాలుగు వోల్టులే. గాని దాంతోటే ఇనుముకి కళ్లొస్తాయి," అని నవ్వింది.

పిన్నిది విజయనగరం దగ్గర పల్లె. హిందీ దేశంలోని ఈ ఉక్కు ప్లాంటులో ఫిట్టరుగా ఉన్న బాబాయి గణపతిరావు పచ్చకామెర్లతో పోయాక, ఆయన బదులుగా ఆమెకు మీటర్లు బాగుచేసే షాపులో ఊడ్చే పని ఇచ్చారు. అక్కడి ఫోర్‌మన్ పరబ్రహ్మంగారు ఓసారి భోజనాల వేళ ఆమె కనకాంబరాలు మాల కట్టడం చూశారు. పువ్వుకీ పువ్వుకీ మధ్య గాలి చొరబడేంత సందు లేదు. మర్నాడే ఆమెను చుట్ల బల్ల ముందు కూర్చోబెట్టారు. వెంట్రుకంత రాగి తీగను చుట్టు పక్కన చుట్టు పేర్చి, వరసకూ వరసకూ మధ్య పల్చని కాగితం వేసి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు కట్టే పని అది. గోడలోంచి వచ్చే పెద్ద కరెంటును అవి చిన్నది చేసి ఇస్తాయి.

"పూలదండలు కట్టుకునే సేతులకి ట్రాన్స్‌ఫార్మరేటి దీదీ!" అని పక్క బల్ల సూర్యారావు ఆటపట్టించేవాడు.

"ఔన్రా, నీ పెళ్లికి రాగిదండే కట్టిస్తాను," అనేది పిన్ని.

డెబ్భై ఎనిమిదిలో అనుకుంటాను, రైలు పట్టాలు తీసే మిల్లులో ఒక కన్ను పెట్టాలనుకున్నారు. ఎర్రగా కాలిన ఇనుప కడ్డీ వస్తుంటే దాని వెలుతురు చూసి ముందున్న రోలర్లకు కబురందించే కన్ను. దాని పెట్టె టిఫిన్ డబ్బాకన్నా పెద్దది కాదు. పాత ట్రాన్స్‌ఫార్మర్ అందులో పట్టదు. ఎన్ని చుట్లు కావాలో పరబ్రహ్మంగారు లెక్క వేశారు. ఆ చుట్లన్నీ అంత చిన్న చోట ఇమడ్చడం పిన్ని వంతు. అది పరీక్షలో నెగ్గితే ఆమె ఆ బల్ల దగ్గరే ఉండిపోతుంది. లేకపోతే మళ్లీ చీపురే. పైఆఫీసు వాళ్లు ఆ మాట ముందే చెప్పేశారు.

పిన్ని చుట్టింది. వార్నిష్‌లో ముంచి, ఓవెన్‌లో ఆరబెట్టింది. అచ్చంగా సరిపోయింది.

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు ప్లాంటులో సుత్తి నుంచి క్రేను దాకా బొట్టు పెట్టని వస్తువు ఉండదు. పిన్ని తన ట్రాన్స్‌ఫార్మర్‌ను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని, తడి పసుపు నిండుగా రాసి కుంకుమ అద్దింది. సరిగ్గా తీగలు బయటికొచ్చే చోట. అదే దాని నుదురులా కనిపించిందట.

మర్నాడు ముసురు. పరీక్షలో, కరెంటు లీకును పట్టిచ్చే మెగ్గర్ ముల్లు సున్నా వైపు వాలిపోయింది. అంటే లోపల కరెంటు పోకూడని దారిన పోతోందన్నమాట.

"సుట్టు దెబ్బతింది. ఈ ముసురుకి వార్నిష్ ఆరలేదేమో," అన్నాడు సూర్యారావు. ఈసారి అతను నవ్వలేదు.

పిన్ని దాన్ని చేతిలోకి తీసుకుంది. వేలికి తడి పసుపు అంటింది; తీగ నుంచి తీగకు కరెంటు ఆ తడినే పట్టుకుని పోతోంది. నెపం ముసురు మీదికి పోతే పోనీయవచ్చు. కానీ ఆమె వేలు పైకెత్తి చూపించింది.

"బాబూ, వార్నిష్ కాదు. నానే బొట్టెట్టీసాను."

పరబ్రహ్మంగారు కళ్లజోడు తీశారు. "ఒలమ్మా! అందరం ఇనపముక్కలకి బొట్లెడితే, నువ్వు దాని నోట్లోనే ఎట్టీసావేటి?"

"నుదురనుకున్నాను."

షాపంతా నవ్వింది, ఆయన కూడా. కానీ పైఆఫీసుకు ఏం రాయాలో ఆయనకూ తోచలేదు. "కడిగి ఆరబెట్టు. సాయంత్రం మళ్లీ చూస్తాను. అప్పుడు ఏటొస్తే అదే రాస్తాను," అన్నారు.

పిన్ని స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో ఒక్కొక్క తీగ మొదలూ తుడిచింది. వెలుగుతున్న బల్బు కింద ఆరబెట్టి, మళ్లీ వార్నిష్ పూసి ఓవెన్‌లో పెట్టింది. ఆ మధ్యాహ్నం ఆమె టిఫిన్ విప్పలేదట. సాయంత్రం ముల్లు పైకి లేచి, అక్కడే నిలిచింది.

మరుసటి ఏడు విశ్వకర్మ పూజకు పనివాళ్ల ఇంటివాళ్లను లోపలికి రానిచ్చినప్పుడు పిన్ని నన్ను మిల్లుకు తీసుకెళ్లింది. చెయ్యి ఎత్తి ఆ కన్ను ఉన్న చిన్న పెట్టెను చూపించింది. దుమ్ముపట్టి, ఎవరూ రెండోసారి చూడనట్టుండే పెట్టె.

అంతలో దూరంగా చీకటి ఎర్రబడింది. సూర్యుడిలోంచి ముక్క కోసుకొచ్చినట్టు నిప్పుకడ్డీ దొర్లుకుంటూ వచ్చింది. అంత దూరంలోనూ నా ముఖం వేడెక్కింది. నేల అదిరింది. అది పెట్టె ముందుకు రాగానే, ఎవరూ ముట్టుకోకుండానే, ముందున్న రోలర్లు తిరగడం మొదలుపెట్టాయి. అంత అగ్నికి ఆ చిన్న పెట్టెలోని కరెంటు దారి ఇచ్చింది!

పిన్ని చేతిలో పసుపు గిన్నె ఉంది. పెట్టెకు దూరంగా, కింది ఇనుప స్తంభానికి బొట్టు పెట్టింది.

"సూసీసింది," అంది.