ప్యానెల్ మీద బొట్టు

ముప్ఫై ఏళ్ళు సినిమాలకు శబ్దం పట్టినవాణ్ణి. హీరో పంచె గాలికి రెపరెపలాడినా ఇంకో టేక్ అడిగి, దర్శకుల చేత తిట్లు తిన్నాను. ఇలాంటి చెవుల పక్కన మా ఆవిడ పాతికేళ్ళు గురక పెట్టింది. ఒప్పుకునేది మాత్రం కాదు. ఒకసారి మంచి మైకు పెట్టి రికార్డు చేసి వినిపిస్తే, అది మీదే, నా మీదకు తోస్తున్నారు అంది. తర్వాత డాక్టరు పరీక్షలు చేయించి, అది ఉత్త గురక కాదు, నిద్రలో మధ్య మధ్య ఊపిరి ఆగిపోతోంది అన్నాడు. ఇంటికొచ్చి పాత రికార్డింగు మళ్ళీ విన్నాను. ఆ ఆగిపోయిన చోట్లన్నీ అందులో ఉన్నాయి. అప్పట్లో వాటిని నేను విరామం అనుకుని నవ్వుకున్నాను. చాలా సిగ్గేసింది.

అప్పటి నుంచి ఆవిడ ముక్కుకు ఒక మాస్కు, దానికొక గొట్టం, గొట్టం చివర గాలి పంపే చిన్న మిషను. మిషనుకు కరెంటు కావాలి. దాంతో నాలుగేళ్ళుగా మా ఆవిడ కరెంటు మీద నమ్మకం లేని చోట పడుకోలేదు. చెల్లెలి గృహప్రవేశానికి వెళ్ళి సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేసింది. ఎవరైనా అడిగితే, నాకు మా ఇంట్లో తప్ప నిద్ర పట్టదండీ అనేది. మిషను మాట ఎత్తేది కాదు.

నేను రిటైరయ్యాక షూటింగులకు దుస్తులు మోసిన పాత వ్యాన్ ఒకటి కొన్నాను. ఎంత కడిగినా కలరా ఉండల వాసన వదల్లేదు. లోపల ఒక మంచం, ఒక పొయ్యి, మందులకో చిన్న ఫ్రిజ్జు అమర్చాను. నాగార్జునసాగర్ వెనక నీళ్ళ ఒడ్డున మూడు రాత్రులు ఉండొద్దాం అన్నాను. అక్కడ కరెంటు మీ తాతగారు ఇస్తారా అంది. ఎండే ఇస్తుంది అని, మడత విప్పితే నాలుగు పలకలయ్యే సోలార్ ప్యానెలూ, పెద్ద టిఫిన్ క్యారియరంత బరువుండే బ్యాటరీ పెట్టె ఒకటీ తెచ్చాను.

ఆవిడ ఒకటే షరతు పెట్టింది. రాత్రి మిషనూ ఫ్రిజ్జూ ఆ బ్యాటరీ మీదే నడవాలి. తెల్లారాక ప్యానెల్‌తోనే, సాయంత్రం దీపం పెట్టే వేళకు పెట్టె మీద మళ్ళీ నూరు శాతం కనపడాలి. శుక్రవారం ప్రయాణం. గురువారం సాయంత్రంలోగా ఒక్కసారైనా నూరు కనపడకపోతే ప్రయాణం లేదు. "వెళ్ళకపోతే నాకొచ్చే నష్టమేం లేదు లెండి," అని కూడా అంది. నాకు కాస్త ఒళ్ళు మండింది. ఇంత చేస్తున్నది ఎవరి కోసమట?

మొదటిసారి ప్యానెల్‌ని ఫిల్మ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ కింద, వ్యాన్ పక్కన విప్పాను. పది నిమిషాల్లో ఆరుగురు చేరారు. దాన్ని షూటింగులో వెలుగు మళ్ళించే రిఫ్లెక్టర్ అనుకున్నారు. వాకింగుకొచ్చిన ఒక పెద్దాయన, హీరో ఎవరండీ అని అడిగాడు. నేనే అన్నాను. నన్ను పైనుంచి కిందికి చూసి, బడ్జెట్ తక్కువ కాబోలు అనుకుంటూ వెళ్ళిపోయాడు. ఈ పేటలో ఏ పనీ ఉత్తినే చేసుకోనివ్వరు. ప్యానెల్ మోసుకుని మేడ మీదకు పోయాను.

సినిమా వాళ్ళింట్లో ముహూర్తం లేనిదే ఏదీ మొదలవదు. కెమెరా అయినా, క్రేన్ అయినా, చివరికి భోజనాల వ్యాన్ అయినా బొట్టు పెట్టించుకోవాల్సిందే. సోమవారం ఉదయం నేను కొబ్బరికాయ కొట్టాను. మా ఆవిడ నాలుగు పలకలకూ పసుపు, గంధం, దాని మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్లు పెట్టి, కింది అంచు పొడవునా బంతిపూల దండ పరిచింది. తనే స్విచ్ నొక్కింది. నేను చప్పట్లు కొట్టాను. తర్వాత రోజూలాగే కేబీఆర్ పార్కుకు వాకింగుకు పోయాను.

పొద్దున యాభై ఉన్న పెట్టె సాయంత్రానికి డెబ్బై చూపించింది. రెండు వందల వాట్లు రావాల్సిన ప్యానెల్‌లో, ఎండ మాడ్చేస్తుంటే మీటర్ మీద ముప్ఫై కూడా రావడం లేదు. మంగళవారం వైర్లు మార్చాను. బుధవారం ప్యానెల్‌ని సూర్యుడి వెనకాలే తిప్పుతూ మేడ మీదే ఎండిపోయాను. దుమ్మేమో అని తడిగుడ్డతో తుడిచాను కూడా. తుడిచానంటే, బొట్ల చుట్టూ తుడిచాను. మా వృత్తిలో పెట్టిన బొట్టు ఎవరూ చెరపరు. నా రికార్డర్ మీద బొట్టు మీద బొట్టు పడి అట్టలు కట్టినా, దాని చుట్టూ తుడుచుకుంటూ పాతిక సినిమాలు చేశాను. బొట్టు నా కంటికి యంత్రంలో భాగమైపోయింది. అది రోజూ కొత్తగా ఉంటోందని గానీ, దండలో పూలు వాడటం లేదని గానీ నాకు తట్టనే లేదు.

అమ్మినవాణ్ణి ఫోనులో తిట్టాను. వాడు మర్యాదగా మేఘాలున్నాయా సార్ అని అడిగాడు. మా ఆవిడ రోజూ సాయంత్రం దీపం పెట్టి మేడెక్కి, అంకె చూసి, ఏమీ అనకుండా దిగిపోయేది. ఏదైనా అంటే పోట్లాడవచ్చు. అనలేదు.

బుధవారం మధ్యాహ్నం ఇక లాభం లేదని, బోరబండలో ఉండే పాత లైట్‌మ్యాన్‌ని పిలిచాను. నాతో ఇరవై ఏళ్ళు పనిచేశాడు. నీడ ఎక్కడ పడుతుందో చెప్పడంలో వాణ్ణి మించినవాడు లేడు. ప్యానెల్ ముందు గొంతుకూర్చుని ఒక నిమిషం చూశాడు.

"సార్, గీ పూలు ఎవరు పెట్టిండ్రు?"

"అమ్మగారు."

"పెండ్లిల్ల కట్టే సీరియల్ బల్బులు ఎరికేనా? ఒక్కటి పోతే లైను మొత్తం పోతది. గిది గూడ గంతే. ఒక్క గడి మీద నీడ వడ్డా లైనంత డల్ అయితది," అంటూ ఖాళీగా ఉన్న చోట అరచెయ్యి అడ్డం పెట్టాడు. ముప్ఫై కాస్తా పదిహేనయింది. చెయ్యి తీశాడు. మళ్ళీ ముప్ఫై.

దండ తీశాం. డెబ్బై. ఇక బొట్లు మిగిలాయి. నేను వాడి వైపు చూశాను, వాడు నా వైపు చూశాడు. నేనైతే తుడవను, మీ ఇంటి బొట్టు మీరే చూసుకోండి అని లేచి దూరంగా నిలబడ్డాడు. నడి ఎండలో ఇద్దరు ముసలాళ్ళం కుంకుమకు భయపడి పది నిమిషాలు నిలబడిపోయాం. చివరికి నేనే కళ్ళు మూసుకుని, మనసులో క్షమాపణ చెప్పుకుని తుడిచేశాను. మీటర్ నూటయాభై దాటింది. లైట్‌మ్యాన్ కిందకు దిగి మా ఆవిడ ఇచ్చిన టీ తాగి పోయాడు. అప్పటికే మూడు దాటడంతో సాయంత్రానికి ఎనభై అయిదు దగ్గర ఆగింది. ఇక గురువారం ఒక్కటే మిగిలింది.

ఆ రోజు వాకింగుకు వెళ్ళలేదు. పొద్దున్నే ప్యానెల్ విప్పి, మళ్ళీ పూలూ బొట్లూ పడకుండా కావలి కాద్దామని నీళ్ళ ట్యాంకు వెనక కూర్చున్నాను. మా ఆవిడ తలస్నానం చేసి, చిన్న పళ్ళెంలో గంధం, కుంకుమ, పూలదండ పట్టుకుని వచ్చింది. మోకాళ్ళ నొప్పితో మెల్లగా కిందికి వంగి, ఒక్కో పలకకూ ఉంగరం వేలితో గంధం అద్ది, బొట్టు పెట్టి, దండ పరిచింది. ఇక కేకేద్దామని నోరు తెరవబోయాను. అప్పుడు ప్యానెల్‌తో మాట్లాడింది.

"ఆ మనిషి సంగతి నాకు తెలుసు తల్లీ, గంతులెక్కువ. నువ్వన్నా సరిగ్గా పనిచెయ్యి. నాకు వెళ్ళాలని ఉంది."

ఎన్నో గొంతులు విన్నాను గానీ ఆ మాట నాలుగేళ్ళుగా నా పక్కనే ఉండి నాకు వినపడలేదు. ట్యాంకు వెనక కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. ఆవిడ దిగిపోయే వరకూ బయటకు రాలేదు.

చెబితే ఆవిడ పూజే అడ్డమని చెప్పినట్టవుతుంది. చెప్పకపోతే నూరు రాదు. అప్పుడు సినిమా బుద్ధి పనిచేసింది. ఒక సీను రెండు రోజులు తీసినప్పుడు, నటుల బొట్టు, జడ, గుండీ నిన్నటిలాగే ఉన్నాయో లేదో ఫొటో చూసి సరిచేస్తారు. నేనూ ఫోన్‌తో నాలుగు పలకలనూ ఫొటో తీశాను. పూలదండను తడిగుడ్డలో చుట్టి దాచాను. బొట్లు తుడిచేశాను. ఈసారి కళ్ళు మూసుకోలేదు. సాయంత్రం అయిదింటికి పెట్టె నూరు చూపించింది. వెంటనే పూజగదిలోంచి కుంకుమ భరిణె దొంగిలించి తెచ్చి, ఫొటో చూసుకుంటూ ఎక్కడి బొట్టు అక్కడ పెట్టి, దండ పరిచి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను.

మా ఆవిడ వచ్చింది. అంకె చూసింది. బొట్ల వైపు ఇంకా ఎక్కువసేపు చూసింది. పొద్దున్నే బయల్దేరదాం, పెరుగన్నం కడతాను అని దిగిపోయింది. ఎంత తెలివిగా నెట్టుకొచ్చానో అని నన్ను నేను మెచ్చుకున్నాను.

సాగర్ ఒడ్డున మొదటి రోజు నేను ముందు లేచాను. నీళ్ళ చప్పుడు, కొంగల అరుపులు, వాటి మధ్య ఆ మిషను మెత్తని గాలి. ఎక్కడా ఆగలేదు. చాలాసేపు విన్నాను. లేచాక ఆవిడ మాస్కు తీసి, మొహం కడుక్కుని, సంచిలోంచి అదే పళ్ళెం తీసింది. నేను తడిగుడ్డ కోసం వెతికాను. ఆవిడ మాత్రం ప్యానెల్ చుట్టూ తిరిగి, వెనక వైపు, పట్టుకునే పిడి పక్కన, ఒకే ఒక్క బొట్టు పెట్టింది.

"ముందు పెడితే దానికి ఊపిరాడదట. మీ లైట్‌మ్యాన్ టీ తాగుతూ చెప్పాడు."

బుధవారమే తెలిసింది కదా, మరి గురువారం పొద్దున మళ్ళీ ముందెందుకు పెట్టావని అడిగాను.

"ట్యాంకు పక్కన మీ చెప్పులు కనపడ్డాయి," అంది. "మీకు నేను నోటితో చెప్పలేని మాట ఒకటి ఉండిపోయింది, ప్యానెల్‌కి చెబితే వింటారనిపించింది. అయినా మీరు పెట్టిన బొట్ల కింద గంధం ఏదండీ?"

ఆవిడ వేలికి మిగిలిన కుంకుమ నా నుదుట పెట్టి, పొయ్యి వెలిగించమంది.